విద్యార్థుల ఉపగ్రహము - రైతు మడి

రచన: మండల వ్యవసాయాధికారి, బి.ఎస్‌సి. (అగ్రి.)

ఒక వానాకాలమున మా మండలములో మూడు దినములు ఎడతెగకుండ వర్షము కురిసి వాగు గట్లు దాటినది. నీరు తీసిన పిమ్మట పంట నష్టము వ్రాయుటకు గ్రామాధికారితో కూడ నేనును పొలములు తిరిగితిని. వాగు ఒడ్డున ఒక వృద్ధ రైతుకు 30 గుంటల వరి మడి కలదు. పొట్ట దశలోనున్న పైరుపై జానెడు మందమున ఇసుక మేట వేసినది. ప్రక్కనున్న మెరక మడులు మాత్రము పచ్చగా నిలిచియుండెను. అప్పటికే పై కార్యాలయమునుండి మాకొక పటము వచ్చియున్నది. ఉపగ్రహ చిత్రములనుబట్టి తయారైన ఆ పటములో ఈ గ్రామమంతయు పచ్చరంగుతోనే చూపబడినది. చెప్పుకోదగిన నష్టము లేదని దాని అర్థము. విపత్తు సహాయ నిబంధనల ప్రకారము పంటలో 33 శాతమైనను పోయినప్పుడే రైతుకు సహాయము లభించును. పటమునే నమ్మినచో ఆ వృద్ధునికి ఒక్క పైసయు రాదు.

అతడు పటము వంకను, నా వంకను చూచి, "పైనుంచి జూస్తున్నరట గద సారూ, మరి నా మడి గనవడలేదా?" అని అడిగెను.

నేను సూటిగా జవాబు చెప్పలేకపోతిని. కళాశాలలో రిమోట్ సెన్సింగు పాఠములు చదివినవాడనే గాని, 30 గుంటల మడి ఆకాశమునుండి ఎట్లు కనబడునో, ఎందుకు కనబడదో రైతుకు తెలియునట్లు చెప్పగల తెలివి అప్పటికి నాకు లేకుండెను. మడిని టేపుతో కొలిచి, ఫొటోలు తీసి, పంచనామా వ్రాసి పంపితిని. ఆ ప్రశ్న మాత్రము నాతోనే ఉండిపోయినది.

తరువాతి సంవత్సరము శిక్షణకై రాజేంద్రనగరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు వెళ్లితిని. ఆదివారమునాడు మా బావమరిది మోటారు సైకిలు తెచ్చి నన్ను ఊరు చూపింప తీసికొనిపోయెను. అతడు ఇంజనీరింగు చదివి సైబరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. 1998లో ప్రారంభమైన సైబర్ టవర్సును చూపి, హైటెక్ సిటీ అంతయు దీని చుట్టునే పెరిగినదని చెప్పెను. అంతకు పూర్వము ఈ మాదాపురము వైపు బండరాళ్లు, చెలకలు, చెరువులు తప్ప వేరేమియు లేవు. నా చూపు మేడలమీద నిలువక, ఒకప్పుడు గోలకొండ కోటకు మంచినీరిచ్చిన దుర్గము చెరువు మీదనే నిలిచినది. అద్దాల మేడల నడుమ ఆ చెరువింకను ఉన్నది. వ్యవసాయ శాఖవాని కన్ను అట్టిది.

సైబర్ టవర్సునకు కొద్ది దూరములోనే అంతర్జాతీయ సమావేశ భవనము కలదు. నేను వాగు ఒడ్డు రైతు కథ చెప్పగా విని, మా బావమరిది ఆ భవనము ఎదుట బండి ఆపి, "బావా, నువ్వు అడిగేదానికి సంబంధించిన కథ ఒకటి ఇక్కడే మొదలైంది" అనెను. అతడు చెప్పినదియు, తరువాత నేను చదివి తెలిసికొన్నదియు ఇక్కడ వ్రాయుచున్నాను.

2007 సెప్టెంబరు 24 నుండి 28 వరకు అంతర్జాతీయ అంతరిక్ష మహాసభ 58వ సమావేశము హైదరాబాదులో జరిగినది. లోకమందలి అంతరిక్ష శాస్త్రజ్ఞులు వచ్చిన ఆ సభకు కొందరు ఇంజనీరింగు విద్యార్థులును వచ్చిరి. ఇతర దేశములలో కళాశాల విద్యార్థులే చిన్న ఉపగ్రహములను కట్టి పంపుచున్నారని వారక్కడ వినిరి. మనము మాత్రము ఎందుకు కట్టరాదను ఆలోచన వారికి కలిగెను. ఇస్రోలో చిన్న ఉపగ్రహముల పథకమును నడుపుచుండిన డి.వి.ఎ. రాఘవమూర్తి గారు వారిని ప్రోత్సహించిరి. బెంగుళూరునుండి నాలుగు, హైదరాబాదునుండి మూడు, మొత్తము ఏడు ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు ఈ పనికి పూనుకొనిరి. బెంగుళూరులోని నిట్టె మీనాక్షి కళాశాల ముందు నిలిచి నడిపినది. మన వైపునుండి చైతన్య భారతి ఇంజనీరింగు కళాశాల, ఏరోనాటికల్ ఇంజనీరింగు కళాశాల, విజ్ఞాన్ కళాశాల చేరినవి. వీటిలో చైతన్య భారతి కళాశాల గండిపేటలో కలదు. హైటెక్ సిటీనుండి గచ్చిబౌలి, కోకాపేటల మీదుగా పోయినచో ఆ కళాశాలయు, దానికి దగ్గరలోనే ఉస్మాన్ సాగరు చెరువును వచ్చును. 1908లో మూసీ వరద నగరమును ముంచిన తరువాత కట్టిన చెరువది.

విద్యార్థులు తమ ఉపగ్రహమునకు స్టూడ్‌శాట్ అని పేరు పెట్టిరి. అది 10 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల మందము, 13.5 సెంటీమీటర్ల ఎత్తు గల పెట్టె. తూకము ఒక కిలోకు లోపే. దుకాణములో కిలో పంచదార పొట్లమును చేతిలో పట్టుకొన్నచో దాని పరిమాణమును, బరువును ఇంచుమించు తెలియును. ఈ కొలత ఊరకనే వచ్చినది కాదు. 1999లో అమెరికాలో బాబ్ ట్విగ్స్, జోర్డీ పూయిగ్-సువారి అను ఇద్దరు ఆచార్యులు, విద్యార్థులు చదువు ముగియులోపల కట్టి ముగింపగల ఉపగ్రహము ఎంతటిదై యుండవలెనని ఆలోచించి, ప్రక్కకు 10 సెంటీమీటర్ల ఘనము చాలునని నిర్ణయించిరి. ట్విగ్స్ గారికి ఈ ఆకారము తోచినది బొమ్మల దుకాణములో బొమ్మనుంచి అమ్ము ప్లాస్టిక్ పెట్టెను చూచిన మీదటనట! ఆ కొలత లోకమంతట వాడుకలోనికి వచ్చినది.

పెట్టె చిన్నదైనను లోపల ఉండవలసినవి పెద్ద ఉపగ్రహమున నుండునవే. వెలుపలి ప్రక్కలకు సూర్యరశ్మిని విద్యుత్తుగా మార్చు పలకలు, లోపల బ్యాటరీ, లెక్కలు చేయు చిన్న కంప్యూటరు, రేడియో, కెమెరా అమర్చవలెను. ఇంత పెట్టెకు దొరకు విద్యుత్తు సైకిలు డైనమో దీపమునకు కావలసినంత మాత్రమే. దానితోనే అన్ని పనులును జరుగవలెను. పెట్టె బొంగరమువలె తిరుగుచున్నచో కెమెరా ఒక క్షణము నేలను, మరు క్షణము చీకటిని చూచును. కనుక దానిని నిలుపవలెను. ఇట్టి చిన్న ఉపగ్రహములలో రాగి తీగ చుట్టలలో విద్యుత్తును పారించి, భూమి యొక్క అయస్కాంత శక్తినే ఆధారముగా చేసికొని పెట్టెను త్రిప్పుదురు. దిక్సూచి ముల్లు ఉత్తరమునకు తిరుగుటకు ఏది కారణమో ఇక్కడను అదియే కారణము.

పైకి పంపిన తరువాత ఒక మర వదులైనను బిగించువారుండరు. అందుచేత రాకెట్టు పోవునప్పటి అదురును, ఎండలోని వేడిని, భూమి నీడలోని చలిని, గాలి లేని స్థితిని నేలమీదనే కల్పించి పరీక్షింపవలెను. విత్తనమునకు మొలక పరీక్ష చేయక మడిలో చల్లినవానికి తరువాత చేయగలిగినదేమి కలదు? విద్యార్థుల పని ఇంచుమించు మూడేండ్లు సాగినది. కట్టుటకు పట్టినంత శ్రమ పరీక్షించుటకును పట్టునని ఈ రంగమున పనిచేయువారు చెప్పుదురు. మన శాఖలో ఒక వంగడమును విడుదల చేయువారును ఇదే మాట చెప్పుదురు.

ప్రయోగము 2010 మే 9న జరుగవలసియుండెను. పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు రెండవ దశలో ఒత్తిడి కొంత తగ్గినట్లు కనబడుటచే వాయిదా వేసిరి. 2010 జులై 12 ఉదయము 9 గంటల 22 నిమిషములకు పి.ఎస్.ఎల్.వి. సి-15 శ్రీహరికోటనుండి లేచినది. దానిలోని ముఖ్యమైన బరువు 694 కిలోల కార్టోశాట్-2బి. దానితోపాటు అల్జీరియా దేశపు ఉపగ్రహమొకటి, మరి రెండు విదేశపు చిన్న ఉపగ్రహములు, ఐదవదిగా మన విద్యార్థుల పెట్టె పోయినవి. పెండ్లివారి బండిలో మూల చోటు చూచుకొని కూర్చున్న పిల్లవానివలె అది పోయినదనుకొనవచ్చును. అదేనాడు 11 గంటల 7 నిమిషములకు బెంగుళూరు కళాశాలలో విద్యార్థులకై ఏర్పాటైన కేంద్రములో దాని మొదటి సంకేతము వినబడినది. లేచిన తరువాత ఇంచుమించు గంటా ముప్పావు! అనగా భూమిని ఒకసారి చుట్టి మరల మన మీదుగా పోవుటకు పట్టిన కాలము. మన దేశపు విద్యార్థులు కట్టిన ఉపగ్రహములలో ఒక కిలోకు లోపలిది ఇదియే మొదటిది.

ఇక రైతు అడిగిన ప్రశ్నకు వత్తును.

స్టూడ్‌శాట్ కెమెరా 90 మీటర్ల చూపు గలదిగా నిర్మింపబడినది. 90 మీటర్ల చూపు అనగానేమి? ఉపగ్రహపు చిత్రము ముగ్గు చుక్కలవంటి చుక్కలతో కూడియుండును. ఒక్కొక్క చుక్కకు ఒకే రంగు. ఆ చుక్కలో పట్టిన నేలలో ఏమేమి యున్నను, అన్నియు కలిసి ఒకే రంగుగా వచ్చును. 90 మీటర్లు పొడవు, 90 మీటర్లు వెడల్పు అనగా 8,100 చదరపు మీటర్లు. ఎకరమునకు 4,047 చదరపు మీటర్లు కనుక, ఒక్క చుక్కలో రెండెకరములు ఇమిడిపోవును. మా వాగు ఒడ్డు రైతు 30 గుంటలు ఆ చుక్కలో సగము కూడ కాదు. ఇసుక మేట 30 గుంటలు, పచ్చని పైరు 50 గుంటలు కలిసి చుక్క పచ్చగానే కనబడును.

ఇందుచే విద్యార్థుల కెమెరా వ్యర్థమని తలపరాదు. కిలో బరువు పెట్టెలో ఇంతకంటె పెద్ద కటకము పట్టదు. వారి ఉద్దేశము కట్టుట నేర్చుకొనుటయే. కాని ఈ లెక్క ఒకసారి చేసికొన్న తరువాత ఏ ఉపగ్రహపు పటము చేతికి వచ్చినను మొదట అడుగవలసిన మాట మనకు దొరకినది: దీని చుక్క ఎన్ని గుంటలు?

ఒక గుంటకు 101 చదరపు మీటర్లని గుర్తుంచుకొన్నచో లెక్క తేలిక. మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహములలో విశాలమైన ప్రాంతమును చూచు కెమెరాకు 56 మీటర్ల చూపు. దాని చుక్క 31 గుంటలు. అదే ఉపగ్రహమున 23.5 మీటర్ల కెమెరా చుక్క ఐదున్నర గుంటలు. 5.8 మీటర్ల కెమెరా చుక్క గుంటలో మూడవ వంతు. అమెరికావారి లాండ్‌శాట్ 30 మీటర్లది. చుక్క 9 గుంటలు. యూరపువారి సెంటినెల్-2 ఉపగ్రహము 10 మీటర్లది. దాని చుక్క సరిగా ఒక గుంట! మన గుంట కొలత ఇంత చక్కగా కలియుట చూచి నాకు ముచ్చటవేసినది.

చుక్క చిన్నదైనంత మాత్రమున పని ముగియలేదు. గట్టు మీద, చెట్టు నీడలో, వాగు అంచున పడిన చుక్కలు కలగలుపు చుక్కలు. మా రైతు మడి వాగు వెంబడి సన్నగా సాగినది. ఐదున్నర గుంటల చుక్కలతో చూచినను, మడికి పూర్తిగా లోబడిన చుక్క ఒకటో రెండో ఉండును. మిగిలినవన్నియు సగము మడి, సగము వాగు. ఇందుకు తోడు మరియొక చిక్కు కలదు. పచ్చని ఆకు ఎరుపు వెలుగును త్రాగి, మన కంటికి కానరాని పరారుణ వెలుగును వెనుకకు కొట్టును. ఈ రెంటి తేడానుబట్టి పైరు బలమును అంచనా వేయుదురు. కాని వానాకాలమున మబ్బు కమ్మినచో ఈ వెలుగులేవియు ఉపగ్రహమును చేరవు. వర్షము పడిన దినములలోనే చిత్రము కావలెను, ఆ దినములలోనే మబ్బుండును. మబ్బు విడిచిన తరువాత తీసిన చిత్రమున నీరు తీసిపోయి, మెరక మడులు తేరుకొని పచ్చగానుండును. మా గ్రామపు పటము అట్టి చిత్రమునుండి వచ్చినదేయని, దాని మూల చూపు అంకెలలో లెక్క కట్టి నేనిప్పుడు గ్రహించితిని.

మబ్బు చిక్కును తీర్చుటకు రాడారు ఉపగ్రహములు కలవు. అవి తామే రేడియో తరంగములను పంపి, తిరిగి వచ్చినదానిని చూచును. రాత్రియైనను మబ్బైనను వాటికి అడ్డులేదు. మన రిశాట్-1 ను 2012లో, ఇ.ఓ.ఎస్.-04 ను 2022లో పంపిరి. భారత, అమెరికా దేశములు కలిసి నిర్మించిన నైసార్ 2025 జులై 30న పోయినది. నాటుకు దమ్ము చేసిన మడిలోని నిలువ నీరు ఈ చిత్రములలో నల్లగా కనబడి, పైరు లేచిన కొలది తెల్లబడును. వరి విస్తీర్ణమును కట్టుటకు ఇది మంచి గురుతు. ఉపగ్రహముల సమాచారమును అందుకొను కేంద్రము మన షాద్‌నగరులోనే యున్నది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగు కేంద్రము దానిని నడుపుచున్నది.

విద్యార్థుల పెట్టెల సంగతి అక్కడితో ఆగలేదు. 2011లో కాన్పూరు ఐ.ఐ.టి. విద్యార్థులు 3 కిలోల జుగ్ను ఉపగ్రహమున పరారుణ కెమెరా నమర్చి పంపిరి; అది పచ్చదనమును చూచుటకే. 2017 జూన్ 23న కన్యాకుమారి జిల్లాలోని నూరుల్ ఇస్లాం విశ్వవిద్యాలయము 15 కిలోల నియుశాట్‌ను పంపినది. పంటలను కనిపెట్టుట, విపత్తులలో సహాయపడుట దానికి ఉద్దేశించిన పనులు. అదే సంవత్సరము ఫిబ్రవరి 15న శ్రీహరికోటనుండి ఒక్క రాకెట్టులో పోయిన 104 ఉపగ్రహములలో 88 ఒక అమెరికా కంపెనీ పావురములు. 5 కిలోల లోపు పెట్టెలివి. బొమ్మల పెట్టె కొలతకు మూడింతలు పొడవు. ఇట్టి పెట్టెలను వందలకొలది పంపి, నేలపై ప్రతి చోటును దినమున కొకసారి 3 మీటర్ల చుక్కలతో చూచుచున్నారు. ఆ చుక్కలు ఎకరమునకు 450 వచ్చును. మన వైపున హైదరాబాదు యువకుల కంపెనీ ధృవ స్పేస్ 2022 నవంబరు 26న రెండు చిన్న ఉపగ్రహములను పంపినది.

చుక్కలు చిన్నవగుచున్నవి, తరచుగా వచ్చుచున్నవి. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకమున 2023 వానాకాలమునుండి వరి, గోధుమ దిగుబడి లెక్కలో 30 శాతము ప్రాధాన్యమును ఈ సాంకేతిక అంచనాకు ఇచ్చిరి. మిగిలిన 70 శాతము పంటకోత ప్రయోగములదే. అనగా రైతు చేతికి వచ్చు డబ్బు ఆకాశపు చుక్కలతో ముడిపడినది. కనుక నేలమీద మనము వ్రాయు వివరములో తప్పున్నచో ఆ తప్పు పైకి పోయి పెద్దదగును. ఏ చుక్క వరియో, ఏది ప్రత్తియో యంత్రమునకు నేర్పునది గ్రామములో మనము వ్రాసి పంపిన పంటల వివరమే.

గ్రామాధికారులు పంట నమోదు చేయునప్పుడు గట్టు మీద నిలిచి ఫోనులో స్థానము గుర్తించుట నేను తరచుగా చూచుచున్నాను. బురదలో దిగుట ఎవరికి ఇష్టము? నేనును గట్టు మీదనే నిలిచిన దినములు కలవు. కాని ఆ గురుతు కలగలుపు చుక్కలో పడి, వరి మడి తుమ్మచెట్టుగా లెక్కకు వచ్చును. మడి నడుమకు పోవలెను; ఫోనులో స్థానపు తేడా కొద్ది మీటర్లకు తగ్గువరకు ఒక నిమిషము ఆగవలెను. ఒక సర్వే నెంబరులో సగము వరి, సగము ప్రత్తి యున్నచో రెంటిని వేరువేరుగా, గుంటలతో సహా వ్రాయవలెను. నాటిన తేదీ, వంగడము పేరు తప్పక ఉండవలెను. తేదీ తప్పినచో రాడారు చిత్రమున దమ్ము నీరు కనబడిన దినముతో కలియక, మడిని బీడుగా చూపు అవకాశము కలదు.

రైతు సోదరులు తమ మడి నమోదును స్వయముగా చూచుకొనవలెను. వరద వచ్చినప్పుడు నీరు తీయకముందే, మబ్బుండగానే, ఫోనుతో ఫొటోలు తీసియుంచవలెను. గట్టు, మోటరు గది వంటి గురుతు ఏదైన అందులో పడవలెను. ఉపగ్రహము చూడలేని దినములకు సాక్ష్యము అదియొక్కటే. బీమా అమలులోనున్న చోట వరద ముంపు వంటి స్థానిక నష్టమును 72 గంటలలో తెలుపవలెనని నియమము. ఎన్నో దరఖాస్తులు ఈ గడువు దాటి వచ్చినవే.

శిక్షణ ముగిసి వచ్చిన తరువాత వాగు ఒడ్డునకు మరల పోయితిని. నేను టేపుతో కొలిచి పంపిన పంచనామా ఆధారముగా అతనికి సహాయము మంజూరైనది, ఆలస్యముగానైనను. గట్టు మీద కూర్చుండి పుల్లతో నేలపై రెండెకరముల చుక్కను గీసి, అందులో అతని 30 గుంటలను గీసి చూపితిని. అతడు కొంతసేపు చూచి, పుల్ల తీసికొని, వాగు వంపు నేను తప్పు గీసితినని సరిదిద్దెను. ఇసుక తీయించుటకు అప్పటికి సగము మడి మాత్రమే అయినదట. మిగిలిన సగములో యాసంగికి పుచ్చ పెట్టవచ్చునా అని అడిగెను. ఇసుక మందము చూచి, గుంతలు తీసి పశువుల ఎరువు నింపి పెట్టుమని చెప్పితిని. నమోదులో మాత్రము రెండు పంటలను వేరువేరుగా వ్రాయించితిని, మడి నడుమ నిలిచి.